ఇంటివారే వండించుకున్న రిసెప్షన్ విందు: తణుకు దగ్గరి ఒక పెళ్ళివారి కేస్ స్టడీ

పెళ్ళిళ్ళకూ ఇతర శుభకార్యాలకూ వంటల పర్యవేక్షణ చేయడం నా వృత్తి. మే నెలలో తణుకు పరిసరాల్లోని ఒక ఊళ్ళో జరిగిన రిసెప్షన్ విందును, దానికి ముందు జరిగిన ఏర్పాట్లతో సహా ఇక్కడ నమోదు చేస్తున్నాను. పెళ్ళి అమ్మాయి వారి ఊళ్ళో జరిగింది. మూడో రోజు రాత్రి అబ్బాయి ఇంటి దగ్గర రిసెప్షన్. క్యాటరింగ్ కాంట్రాక్టు ఇవ్వకుండా సరుకులు తామే కొనుక్కుని, వంట మేస్త్రిని తామే పెట్టుకుని విందు చేయాలని ఆ కుటుంబం నిశ్చయించుకుంది. వారి అంగీకారంతోనే ఇది రాస్తున్నాను; పేర్లూ ఊరూ మాత్రం చెప్పడం లేదు.

వారు ఈ నిర్ణయానికి రావడానికి మొదటి కారణం డబ్బు కాదు. "మా ఇంట్లో పెళ్ళంటే మా పెరట్లో పొయ్యి వెలగాలండీ, ఎక్కడో వండి వ్యానులో తెచ్చి పెడితే అది మా విందెలా అవుతుంది?" అని పెళ్ళికొడుకు తండ్రిగారు అన్నారు. ఆ కోరిక నాకు పూర్తిగా సబబుగానే తోచింది. ఒక తరం క్రితం మన ప్రాంతంలో ప్రతి పెళ్ళీ అలాగే జరిగేది. సరుకులు ఇంటివారివి, వంట మేస్త్రికి కూలి, సరుకులు ఉంచే ఉగ్రాణం తాళం నమ్మకమైన మేనమామ చేతిలో, వడ్డనకు అన్నదమ్ముల పిల్లలు. ప్లేటుకు ఇంత అని లెక్కగట్టే క్యాటరింగ్ తరువాత వచ్చింది.

అయితే ఆ పాత పద్ధతిని ఈనాటి రిసెప్షన్ కు ఉన్నదున్నట్టుగా వాడుకోవడం కుదరదు. బంతి భోజనాల రోజుల్లో అన్నం గుండిగలోంచి వార్చిన కొద్దిసేపటికే విస్తట్లోకి వచ్చేది. ఒక బంతి లేస్తుంటే రెండో బంతికి మరో వాయి దిగేది. పైగా అది చాలావరకు పగటి భోజనం. ఇప్పటి బఫేలో ఏడు గంటలకు మూతలు తీస్తే పదింటిదాకా ఆ వంటకాలు బల్లమీదే ఉంటాయి, వచ్చేవారు వస్తూనే ఉంటారు, ఎవరు ఎప్పుడు తింటారో ఎవరి చేతిలోనూ ఉండదు. అంటే వంటకానికి పొయ్యికీ పళ్ళేనికీ మధ్య ఇదివరకు లేని నిరీక్షణ ఒకటి కొత్తగా వచ్చి చేరింది. సొంతంగా విందు చేసుకునేవారు ఎంత వండాలి, ఎవరు వండాలి అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోతారు. నా అనుభవంలో వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఏ వంటకం ఎంతసేపు నిలబడుతుంది అన్నది. మెనూ దానినిబట్టి రావాలి, వంట వేళలు దానినిబట్టి రావాలి, మేస్త్రితో మాట్లాడుకునే షరతులు కూడా దానినిబట్టే రావాలి.

నా దగ్గరకు వచ్చిన కాగితం

వారు తెచ్చిన కాగితంలో పంతొమ్మిది వంటకాలు ఉన్నాయి. కోడి పలావు, కోడి కూర, రొయ్యల వేపుడు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పులిహోర, కొబ్బరి పచ్చడి, పెరుగు గారెలు, ఫ్రూట్ కస్టర్డ్, రెండు రకాల పాల స్వీట్లు ఇలా సాగింది. పంచిన శుభలేఖలు సుమారు మూడు వందలు. ఆ కాగితం చివర, మేస్త్రి పెట్టిన షరతు ఒకటి రాసి ఉంది: మధ్యాహ్నం రెండు గంటలకల్లా అన్నీ దింపేసి తాను మరో ఊరు వెళ్ళిపోతాడు. మంచి ముహూర్తాలున్న వైశాఖంలో పేరున్న మేస్త్రులకు ఒకే రోజు రెండు వంటలు ఉండడం మామూలే కనుక అతనిని తప్పుపట్టలేం. కానీ రెండింటికి దింపిన కోడి కూర ఏడింటిదాకా, చివరి అతిథికైతే పదింటిదాకా ఆగాలి. మే నెల ఎండలో, శామియానా నీడలో, ఎనిమిది గంటలు.

పెద్ద డేగిసాలో వండిన మాంసం కూరకు ఉన్న ప్రమాదం ఇంటి వంటలో కనిపించేది కాదు. ఇంట్లో రెండు కిలోల కూర తొందరగా చల్లారుతుంది. ఇరవై కిలోల కూర గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజకణాలు ఉడుకును తట్టుకుని మిగులుతాయి. కూర వేడి తగ్గుతూ 43 నుంచి 47 డిగ్రీల దగ్గరకు వచ్చినప్పుడు అవి మొలకెత్తి అత్యంత వేగంగా పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనేదీ ఇలాంటిదే, పైగా అది విడిచే ఒక రకం విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రంగు మారదు, వాసన రాదు, రుచి చూసినా తెలియదు. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయటి ఉష్ణోగ్రతలో ఉంచవద్దనీ, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన గానీ 5 డిగ్రీలకు లోపు గానీ ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం ఇందుకోసమే. నేను ఏ విందునైనా ఈ అంకెలతోనే కొలుస్తాను.

అందువల్ల మొదటి సలహా మెనూ గురించి కాదు, మేస్త్రి గురించి ఇచ్చాను. రాత్రి తొమ్మిదింటిదాకా పొయ్యి దగ్గర ఉండగలిగినవారినే పెట్టుకోండి, పేరు కొంచెం తక్కువైనా ఫరవాలేదు అన్నాను. ఆ ఇంటి పెద్దకు ఇది కష్టం కలిగించింది, ఎందుకంటే మొదటి మేస్త్రి చేతి కోడి కూరకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. చివరకు ఆ మేస్త్రే తన దగ్గర పనిచేసే తమ్ముణ్ణి సాయంత్రం వంటకు ఉంచి, మసాలాలు కట్టించి, ఉల్లిపాయ ముద్ద వేయించి ఇచ్చి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. వేయించిన ఉల్లి, నూనె, మసాలాలు పొద్దున సిద్ధమైనా నష్టం లేదు, వాటిని సాయంత్రం మళ్ళీ బాగా మరిగిస్తాం. కోడిమాంసం మాత్రం సాయంత్రం నాలుగున్నర తరువాతే పొయ్యి ఎక్కాలి. ఈ ఒక్క మార్పు జరగకపోతే ఈ విందు బాధ్యత నేను తీసుకునేదాన్ని కాదు.

మెనూ తగ్గింపు

పంతొమ్మిదిలోంచి ఎనిమిది తీసేశాం. రొయ్యల వేపుడు మొదట పోయింది, ఎందుకంటే పెద్ద మొత్తంలో వేపుడు ఆగితే గట్టిపడుతుంది, మళ్ళీ వేడి చేస్తే రబ్బరులా సాగుతుంది, పైగా ఆ ఎండలో తెచ్చినప్పటి నుంచి వండేదాకా మంచు కావాలి. కొబ్బరి పచ్చడి మే నెలలో మూడు గంటల్లోనే పులుస్తుంది. కస్టర్డ్, పాల స్వీట్లు తీసేయడానికి ఇంట్లో ఆడవారు మొదట ఇష్టపడలేదు. వాటి స్థానంలో ఆత్రేయపురం పూతరేకులు తెప్పించుకోమన్నాను. పొడిగా ఉండే తీపి, మన గోదావరి గడ్డమీద పుట్టినది, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది, బల్లమీద ఎంతసేపున్నా బెంగ లేదు. పెళ్ళికూతురి అత్తగారికి ఆ ఆలోచన ఎంతో నచ్చింది.

పులిహోర ఉంచాం. చింతపండు పులుపు, నూనె కలిసినందువల్ల తెల్ల అన్నం కన్నా అది బాగా నిలుస్తుంది. మామిడికాయ పప్పు ఉంచాం. కాలం మామిడిది, పైగా పప్పు చిన్న మంటమీద ఆగగలదు. కొత్త ఆవకాయ జాడీ ఆ ఇంట్లోనే ఉంది. పెరుగు గారెలకు బదులు వేడి గారెలు వేసేలా ఒక పొయ్యిని వడ్డన బల్లలకు దగ్గరగా పెట్టాం. వచ్చినవారి కళ్ళ ముందు నూనెలోంచి తీసి పెట్టే గారె ఉన్న విందులో వంటకాలు తగ్గాయని ఎవరికీ అనిపించదు, ఇది నేను ఎన్నో విందుల్లో చూశాను.

మూడు వందల శుభలేఖలంటే ఎంతమంది అన్న ప్రశ్నకు శుభలేఖకు ముగ్గురు అని గుణించి తొమ్మిది వందలనడం పొరపాటు లెక్క. ఇంటి పేరూ పేరూ రాసిన జాబితా తీసుకుని పెళ్ళికొడుకు పెద్దనాన్నగారితో, పిన్నిగారితో కూర్చున్నాను. పొరుగూరు నుంచి ఆ రాత్రికి ఎవరొస్తారు, ఎవరు పెళ్ళికే వచ్చి వెళ్ళారు, అదే రాత్రి మరో పెళ్ళి ఉన్నవారు ఎవరు, ఊళ్ళోవారిలో భార్యాభర్తలిద్దరూ వచ్చేవారు ఎవరు, ఒకరే వచ్చి అక్షింతలు వేసి వెళ్ళేవారు ఎవరు అని ఇంటింటికీ రాసుకుంటే మొత్తం 410 తేలింది. నగరంలో ఫోన్లు చేసి అడుగుతారు. పల్లెటూళ్ళో అలా అడిగితే తప్పుగా అనుకుంటారు. ఊరి మనసు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళు దగ్గరుంటే ఈ జాబితా ఫోన్లకన్నా నిజం చెబుతుంది.

410 మందికి పలావుకు 24 కిలోల బియ్యం, తెల్ల అన్నానికి 20, పులిహోరకు 12 కిలోలు పెట్టాం. అంటే మనిషికి 140 గ్రాముల లోపు. మాంసాహారం తినేవారు 330 మంది అనుకుని 66 కిలోల కోడిమాంసం, అందరికీ కలిపి 8 కిలోల కందిపప్పు, 25 కిలోల లేత వంకాయలు, 40 లీటర్ల పాల పెరుగు. ఇవి ఈ మెనూకు సరిపోయే కొలతలు. పలావు లేని విందులో తెల్ల అన్నం దాదాపు రెట్టింపు కావాలి.

విందు నాటి పని

ఏడు గంటల నుంచి వెనక్కి లెక్కవేసి వేళల పట్టిక రాసి, పొయ్యి దగ్గర గుంజకు అంటించాను. ఏడుకు మూతలు తెరవాలంటే ఆరుంపావుకు కోడి కూర దిగాలి. పలావు ఒకేసారి కాకుండా మూడు వాయిలుగా, మొదటిది ఆరున్నరకు, చివరిది ఎనిమిదింటికి దిగాలి. తెల్ల అన్నం నాలుగు వాయిలు. పాత మేస్త్రులకు ఒకే గుండిగలో అంతా వండి ఊపిరి తీసుకోవడం అలవాటు కనుక వాయిలంటే విసుక్కుంటారు. బఫే ఉన్నచోట వాయిలే మేలు. చివరగా వచ్చిన అతిథికి కూడా పొగలు కక్కే పలావు దొరుకుతుంది, ముందుగానే జనం తగ్గారని తెలిస్తే ఆఖరి వాయి బియ్యం కడగకుండానే ఆపవచ్చు.

పెరుగు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేసవి విందుల్లో ఎక్కువగా చెడిపోయేది అదే. ముందురోజు రాత్రి తోడేస్తే మర్నాడు సాయంత్రానికి పుల్లబడుతుంది. మేము పాలు కాచి, గోరువెచ్చనయ్యాక మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఐదేసి లీటర్ల స్టీలు గిన్నెల్లో తోడు వేశాం. ఆ వేడికి ఐదు గంటలకల్లా గట్టిగా తోడుకుంది. వెంటనే ఆ గిన్నెలను మంచు నింపిన తొట్లలో దింపి, తడిగుడ్డ కప్పి, ఒక్కొక్కటిగానే బల్లమీదకు పంపాం. ఒకే పెద్ద పాత్రలో తోడేసి ఉంటే దాన్ని చల్లబరచడం ఎవరివల్లా అయ్యేది కాదు.

పాత్రల దగ్గర ఒక చిన్న అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. నాయనమ్మగారు తమ పెళ్ళినాటి ఇత్తడి గుండిగలు పులిహోరకు వాడాలని మురిపెంగా కడిగించి ఉంచారు. లోపల చూస్తే కళాయి అక్కడక్కడా పోయి ఇత్తడి బయటపడింది. చింతపండు పులుపు ఇత్తడిలోని రాగిని కరిగించి కడుపులో వికారం, వాంతులు తెస్తుంది. ఆమె మనసు నొప్పించకుండా, ఆ గుండిగల్లో మంచినీళ్ళు పోసి పందిరి ముఖద్వారం దగ్గర పూలతో అలంకరించమని చెప్పాను, అలాగే చేశారు. పులిహోర, పప్పు స్టీలు పాత్రల్లో చేశాం, పులుపు కనుక అల్యూమినియంలో కూడా ఉంచలేదు.

గ్యాసుకు 19 కిలోల వాణిజ్య సిలిండర్లు నాలుగు తెప్పించాం. బంధువుల ఇళ్ళ నుంచి 14.2 కిలోల ఎర్ర సిలిండర్లు పోగుచేయడం చాలా ఊళ్ళలో ఆనవాయితీ. ఇంటి అవసరానికి ఇచ్చినవాటిని ఇలా వాడడం నిబంధనలకు విరుద్ధం. వంట ధాన్యపు రేకుల షెడ్డు కింద పెట్టించాను, మే నెల సాయంత్రాల్లో హఠాత్తుగా లేచే గాలికి శామియానా గుడ్డ మంటల మీదకు రాకుండా. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కనుక నీటికి ట్యాంకరు ముందే చెప్పుకున్నాం, గిన్నెలు కడిగే నీళ్ళు పొదుపు చేయడానికి స్టీలు పళ్ళాలు వద్దని వక్క పట్ట పళ్ళాలు 500 కొన్నాం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధమైనా ఇంకా సంతల్లో అమ్ముతూనే ఉన్నారు. వేడి కూరకు అవి అసలే తగవు.

ఆరున్నరకు కూరల డేగిసాలు మూడూ వరుసగా ఉన్నాయి. ఉష్ణమాపకాన్ని కూర బాగా కలిపాక నడిమికీ అంచుకీ గుచ్చి చూడడం నా పద్ధతి. మొదటి రెండింటిలో 80 డిగ్రీలకు పైన ఉంది. మూడోది షెడ్డు అంచున, ఫ్యాను గాలికి ఎదురుగా, మూత తీసి ఉంది; కలపకముందే పైపొరలో 56 చూపింది. మూత ఎందుకు తీశారని అడిగితే, "మూసేస్తే ఆవిరి నీరు పడి పులుసు పలచబడుద్దండీ, అందుకే ఆరబెట్టానమ్మా" అన్నాడు మేస్త్రి తమ్ముడు. పనివాడి దృష్టిలో అతని మాట నిజమే. మూతకింద పలచని బట్ట పరిచి కట్టమన్నాను, ఆవిరి బట్టే పీల్చుకుంటుంది. ఆ డేగిసాను మళ్ళీ పొయ్యి మీద పెట్టించి, అంతా కుతకుతలాడేదాకా మరిగించి, తరువాతే దింపించాను. దిగి ఇంకా అరగంట కూడా కాలేదు కనుక అది సరిపోయింది. అదే రెండు మూడు గంటలు గడిచి ఉంటే మరిగించినా ఆ కూరను వడ్డించనిచ్చేదాన్ని కాదు.

వడ్డన, జనం

ఏడింటి నుంచి పదిదాకా అని శుభలేఖలో ఉన్నా జనం సమంగా రారు. ఈ విందులో సగం మందికి పైగా ఎనిమిది, తొమ్మిది గంటల మధ్యే తిన్నారు. ఒక వరుసలో ఒకరి వెనక ఒకరు నడుస్తూ వడ్డించుకుంటే నిమిషానికి నలుగురు దాటడమే కష్టం. గంటలో రెండు వందల పైచిలుకు అంటే ఒక్క వరుస అంచులకు వచ్చేస్తుంది, ఒక తాతగారు నెమ్మదిగా నడిస్తే తెగిపోతుంది. అందుకని ఒకే వంటకాలతో రెండు వరుసలు పెట్టాం. శాకాహారం బల్లలు వేరుగా, గరిటెలు వేరుగా, మనుషులు వేరుగా. పెద్దవాళ్ళకు అరుగుమీద కుర్చీలూ బల్లలూ వేసి వడ్డించాం. నిలబడి తినలేనివారిని వరుసలో నిలబెట్టడం మన మర్యాద కాదు, దీనికి ఇద్దరు మనుషుల కూలి ఎక్కువైనా అది వృథా ఖర్చని నేను అనుకోను.

వడ్డనకు పదిమందిని కూలికి పెట్టాం. బంధువుల పిల్లలు ముందుకొచ్చారు గానీ, ఫోటోలకు పిలిచినప్పుడల్లా గరిటె వదిలి వెళ్ళవలసి వస్తుంది, అందులో వారి తప్పేమీ లేదు. పెళ్ళికొడుకు తల్లిదండ్రులకు, కొత్త దంపతులకు సాయంత్రం ఐదు తరువాత వంట తాలూకు ఏ ప్రశ్నా వెళ్ళకూడదని ముందే కట్టడి చేశాం. ఏది కావాలన్నా ఉగ్రాణం తాళం ఉన్న మేనమామగారిని అడగాలి, వంట మాట నన్ను అడగాలి. ఇంటి యజమాని పందిట్లో వచ్చినవారిని పలకరించకుండా పొయ్యి దగ్గర ఉప్పు చూస్తూ నిలబడితే, సొంతంగా విందు చేసుకోవడంలో వారు కోరుకున్నదే వారికి దక్కకుండా పోతుంది.

ఖర్చు, మిగులు

ఎంతమంది తిన్నారో పళ్ళాల లెక్క చెప్పింది. 500లో 438 వాడారు. రెండోసారి తీసుకున్నవారిని తీసేస్తే సుమారు 420 మంది. ఇదే తరహా మెనూకు అక్కడి క్యాటరింగ్ వారు ప్లేటుకు 480 రూపాయలు అడిగారట. సరుకులు, మేస్త్రి బృందం, వడ్డన కూలీలు, పాత్రలూ బల్లల అద్దె, గ్యాసు, నీళ్ళు, మంచు అన్నీ కలిపి వీరికి మనిషికి సుమారు 360 అయింది. సరుకుల బిల్లు ఒక్కటే చూసి సగానికి సగం మిగులుతుందని ఆశపడేవారు ఈ తేడాను గమనించాలి: కూలి, అద్దె, ఇంధనం కలిసి మొత్తంలో దాదాపు సగమయ్యాయి. పోయిన గరిటెలకూ సొట్టపడ్డ డేగిసాకూ అద్దె కొట్టువారు వేరుగా పట్టుకున్నారు. ఇంటివారి వారం రోజుల శ్రమకు ఇందులో లెక్క లేదు.

తొమ్మిదిన్నరకు పొయ్యి మీదే ఉన్న పప్పు, ఆఖరి వాయి పలావు కొలిచి, 60 డిగ్రీలకు పైనున్నవాటిని మాత్రం వేడిగా మూతలు బిగించి, దగ్గరలోని వసతి గృహానికి పంపి, వెంటనే తినిపించమని చెప్పించాం. బల్లమీద జనం మధ్య ఉన్న కూర, అన్నం ఎవరికీ ఇవ్వలేదు, మర్నాటికి ఉంచుకోనివ్వలేదు. ఇంట్లో ఆడవారికి అన్నం పారేయడం చాలా బాధ కలిగించింది. నాకూ అది ఇష్టమైన పని కాదు; అందుకే ముందు నుంచీ వాయిలు పెట్టాలని పట్టుబడతాను. తెల్ల అన్నం ఆఖరి వాయి అసలు వండలేదు, ఐదు కిలోల బియ్యం మూటతోనే ఉగ్రాణంలో మిగిలింది.

ఇదే కుటుంబంలో పెళ్ళికొడుకు పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి మార్గశిరంలో ఉంది, మళ్ళీ నన్నే రమ్మన్నారు. వేళల పట్టికను అలాగే ఉంచుతున్నాను. తెల్ల అన్నానికి మనిషికి 50 గ్రాములకు బదులు 40 లెక్కవేస్తున్నాను, చేతులు కడుక్కునే కుళాయిలు రెండు నుంచి నాలుగు చేయిస్తున్నాను. చలికాలం కనుక పెరుగు తోడు పన్నెండున్నరకు కాకుండా పొద్దున తొమ్మిదింటికే పడాలి, ఆ గిన్నెలకు మంచుకు బదులు దుప్పటి కావాలి.